మంజూరైన కొండ

పదకొండో గడి ఎందుకు ఖాళీగా వదిలేశారో ఏడు రోజుల్లోగా సంజాయిషీ ఇవ్వవలసిందని నాకు తాఖీదు వచ్చింది. ఇచ్చుకుంటున్నాను. పంచాయతీ కార్యదర్శి అన్నవాడు ఉద్యోగంలో సగకాలం ఫారాలు నింపుతాడు, మిగతా సగం అలా ఎందుకు నింపాడో సంజాయిషీలు రాస్తాడు. కాబట్టి ఇది నాకు కొత్తేమీ కాదు. కాకపోతే ఈసారి కొంచెం పొడుగవుతుంది, పైవారు మన్నించాలి.

రెండేళ్ల క్రితం ఇదే ఫారం వచ్చినప్పుడు నేను పదకొండో గడి నింపాను. 'గ్రామ పరిధిలో ఎత్తయిన భూములు గలవా? గలచో వాటి రకము' అని ఉంది అందులో. గోదావరి పక్కన పుట్టినవాడెవడైనా రాసేదే నేనూ రాశాను. 'గలవు. మెరక.'

మెరకంటే ఏమిటో మా వైపు పాలుతాగే పిల్లలకి కూడా తెలుసు. వరిచేను పల్లం, కొబ్బరితోట మెరక. పల్లంలో నిలబడినవాడి మోకాలి దగ్గర మెరకలో నిలబడినవాడి పాదం ఉంటుంది. తేడా అంతే. మా నేరేళ్లతిప్పలో అంతకంటే ఎత్తయినవి రెండే ఉన్నాయి. ఒకటి ఏటిగట్టు, రెండోది కొబ్బరితోటల రంగరాజుగారి గొంతు.

నా ఫారం రాజధానికి వెళ్లింది. అక్కడ అనువాదం చేసేవారెవరో, బహుశా మెరకా పల్లమూ లేని నాలుగో అంతస్తులో పుట్టి పెరిగినవారై ఉంటారు, మెరకని ఇంగ్లీషులో 'హైలాండ్' అన్నారు. ఆ కాగితం ఇంకో రెండు బల్లలు దాటేసరికి హైలాండ్ మళ్లీ తెలుగులోకి దిగి 'పర్వత ప్రాంతము' అయింది. సరిగ్గా ఆ రోజుల్లోనే పైవారికి పర్వత సైకిళ్ల మీద మోజు పుట్టింది. అధికారుల బృందం ఒకటి ఏదో చలిదేశం వెళ్లి, అక్కడ ఏటి ఒడ్డున పచ్చటి కొండల మీద లావు చక్రాల సైకిళ్లు తొక్కేవాళ్లని చూసి, నోళ్లు తెరిచి, మూసుకోకుండానే తిరిగొచ్చింది. నది, పచ్చదనం, పర్వతం మూడూ ఉన్న గ్రామం ఏదని కంప్యూటర్ని అడిగారు. అది మా ఊరి పేరు చెప్పింది.

'నేరేళ్లతిప్ప పర్వత సైకిల్ విహార మార్గము' మంజూరైనట్టు ఉత్తరం వచ్చిన రోజే నేను జవాబు రాశాను. మా ఊళ్లో పర్వతం లేదని, గుట్ట కూడా లేదని, ఎవరైనా తట్టుకుని పడాలంటే కొబ్బరిబొండమే దిక్కని. వారంలో బదులు వచ్చింది. 'పర్వతము లేదని ధ్రువీకరించు అధికారము పంచాయతీ కార్యదర్శికి లేదు. ఉన్నట్లు మాత్రము తమరే పదకొండవ గడిలో ధ్రువీకరించియున్నారు.'

ఆ తర్వాత పర్వత విహారాల ఉప సంచాలకులు త్రివిక్రమరావుగారు స్వయంగా వచ్చారు. జీపు దిగేసరికి కాళ్లకి కొండలెక్కే బూట్లు, మెడలో దుర్భిణి, చేతిలో ఎత్తు కొలిచే పరికరం ఉన్నాయి. నాలుగు దిక్కులా చూశారు. నాలుగు దిక్కులా వరిచేలే.

"కొండ ఎక్కడుంది?" అన్నారు.

"లేదండి," అన్నాను.

"అది రాశారు, చదివాను. ఎక్కడుందని అడుగుతున్నాను."

నేను తల గోక్కున్నాను. ఆయన జాలిపడి నా భుజం మీద చెయ్యి వేశారు. మనిషి మంచివారే, ఈ సంజాయిషీలో ఆయన గురించి చెడుగా రాయడం నా ఉద్దేశం కాదు.

"చూడండి కార్యదర్శిగారూ, మంజూరు కాని కొండ లేకపోవచ్చు. అది దాని ఇష్టం. మంజూరైన కొండ లేకపోవడానికి మాత్రం నిబంధనలు ఒప్పుకోవు. పదండి, గుర్తిద్దాం."

రోజంతా గుర్తించాం. ఏటిగట్టు చూపించాను. గట్టు నీటిపారుదల శాఖది కాబట్టి ఒక శాఖ ఎత్తును మరో శాఖ తన ఎత్తుగా చూపించుకోవడం కుదరదన్నారు. కావాలంటే దారిగా వాడుకోవచ్చన్నారు. చివరికి సాయంత్రం నాలుగింటికి, రంగరాజుగారి తోట వెనకాల, పరికరం పిట్టలా కూసింది. మెరకకి మెరక, దాని మీద రెండున్నర నిలువుల ఎత్తున కొబ్బరి డొక్కల గుట్ట. కాయలు వలిచాక మిగిలిన డొక్కలు పీచుమిల్లు కోసం అక్కడ పోగేస్తారు.

త్రివిక్రమరావుగారు బూట్లతో దాన్ని ఓసారి మృదువుగా తన్ని చూసి, "శిఖరాగ్రం," అన్నారు.

"అవి డొక్కలండి," అన్నారు రంగరాజుగారు. ఆయన మామూలుగా మాట్లాడితేనే అవతలి రేవుకి వినపడుతుంది. "ఎల్లుండి మిల్లు లారీ వస్తాది. ఎత్తుకుపోతాది."

"పర్వతాన్ని లారీల్లో తరలించడం గనుల చట్టం కిందికి వస్తుంది రాజుగారూ. ఆలోచించుకోండి."

రంగరాజుగారు రెండు రోజులు అందరినీ తిట్టారు. మూడో రోజు బజార్లో ఎవరితోనో "మా కొండ" అన్నారు. వారం తిరిగేసరికి, పొయ్యిలోకని నాలుగు డొక్కలు ఏరుకున్న మనిషిని పట్టుకుని "కొండ తవ్వేస్తున్నాడు" అని నా దగ్గరికి లాక్కొచ్చారు. ఊళ్లో కొండ అన్నమాట పుట్టాక, దానికో యజమాని కూడా పుట్టడం సహజమే కదా.

మార్గం వేశారు. ఏటిగట్టు మీదుగా మైలున్నర, అక్కణ్నించి తోటలోకి దిగి గుట్ట దాకా. దారి పొడుగునా బోర్డులు పాతారు. 'కొండచరియలు విరిగిపడు ప్రాంతము' అని చింతాకులు తప్ప ఏమీ పడని చోట ఒకటి. 'ఊపిరి తీసుకొనుట కష్టముగానున్నచో వెనుదిరుగుడు' అని చేపల రేవు దగ్గర ఒకటి. నిజం చెప్పాలంటే ఎండుచేపలు ఆరబెట్టే రోజుల్లో ఆ బోర్డు సరిగ్గానే ఉండేది. గుట్ట మీద అన్నిటికంటే పెద్ద చెక్క, తలుపంత ఉంటుంది, దాని మీద 'శిఖరాగ్రము' అని ఎర్రటి అక్షరాలు.

ఇంతవరకూ నవ్వుకుని ఊరుకునేవాణ్ణి. కానీ బోర్డులతో పాటు నియమాలు కూడా వచ్చాయి. అవి వేరే ఏదో నిజమైన కొండ కోసం రాసినవి. పద్నాలుగో నియమం ఇది. 'పర్వత మార్గమందు పద్దెనిమిది గేర్లకు తక్కువ గల సైకిళ్లు నిషిద్ధము.' దాన్ని అమలు చెయ్యడానికి గట్టు మొదట్లో ఈలతో ఒక కాపలాదారుణ్ణి పెట్టారు.

మా ఊళ్లో గట్టు మీద సైకిలు తొక్కేది ముఖ్యంగా ఒక్కరే. పాల పల్లాలమ్మ. మామగారి నాటి మగ సైకిలు, మధ్య కడ్డీతో సహా. దానికి చెరో పక్కా పాలక్యాను తగిలించుకుని, పన్నెండిళ్ల పాలు పోయించుకుని, గట్టు మీదుగా రేవుకి వెళ్తుంది. ఆరింటికి పడవ. అవతలి ఒడ్డున పాలకేంద్రం ఏడింటికి తలుపులేస్తుంది. ఇరవై ఏళ్లలో ఆవిడ పడవ తప్పడం నేను చూడలేదు. రేవుకి రెండో దారి ఉంది గానీ, అది పుంత. బండ్ల దారి. చుట్టూ తిరిగి నాలుగున్నర మైళ్లు, మోకాలి లోతు బురద.

నియమం వచ్చిన మొదటి రోజున కాపలావాడు ఈల ఊదితే, ఆవిడ సైకిలు నడిపించుకుంటూ తిన్నగా పంచాయతీ ఆఫీసుకి వచ్చింది.

"బాబూ, గేర్లంటే ఏటండి?"

"కొండ ఎక్కడానికి సాయం చేస్తాయి పల్లాలమ్మా."

"నేను కొండెక్కనండి. పాలట్టుకెళ్తానంతే."

"నువ్వు రోజూ ఎక్కేది కొండేనంట."

"అయితే ఇరవయ్యేళ్లనించీ ఎక్కుతున్నానన్నమాట. ఆయాసం రాలేదు గదండీ, అందుకని తెలీలేదు," అంది.

ఆ వారంలో మూడు రోజులు పడవ తప్పింది. పాలు విరిగిపోయాయి. పన్నెండిళ్లలో నాలుగిళ్లవాళ్లు ఆవిడకి పాలు పొయ్యడం మానేశారు. వాళ్లనీ తప్పుపట్టలేం, గేదెకి కొండ సంగతి తెలియదు కదా, అది రోజూ ఇస్తూనే ఉంటుంది. పల్లాలమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. పదకొండో గడి నింపిన చెయ్యి నాదే. పుంతలో బురదకొట్టుకుని తిరిగొస్తున్న ఆవిడ ఎదురైతే తల దించుకుని తప్పుకునేవాణ్ణి.

మినహాయింపు కోసం త్రివిక్రమరావుగారి దగ్గరికి వెళ్లాను. ఆయన పుస్తకం తిరగేశారు, ఓపికగానే.

"మినహాయింపు ఉంది. పర్వత ప్రాంతాల్లో సరుకు మోసే సంప్రదాయ సాధనం ఏదైనా వెళ్లవచ్చు. అనగా కంచరగాడిద."

"ఆవిడకి సైకిలేనండి ఉంది."

"సైకిలును కంచరగాడిదగా నమోదు చేయించండి. నాకేమీ అభ్యంతరం లేదు. పశువైద్యాధికారి ధ్రువపత్రం ఒక్కటి జతచేయండి చాలు."

నేను సిగ్గు విడిచి ఆ ప్రయత్నమూ చేశాను. పశువైద్యుడు సైకిలు చుట్టూ ఒకసారి తిరిగి, సీటు తట్టి, 'మేత ముట్టుట లేదు, కావున ఆరోగ్యము సంతృప్తికరముగా లేదు' అని రాసి వెళ్లిపోయాడు. దరఖాస్తు తిరస్కరించారు. అనారోగ్యంతో ఉన్న జంతువును కొండ ఎక్కించడం క్రూరత్వమట.

ప్రారంభోత్సవం మే నెలలో పెట్టారు. రోళ్లు పగిలే ఎండ. పర్వత ప్రజలు పర్వత ప్రజల్లా కనపడాలని ఊరందరికీ ఉన్ని టోపీలు పంచారు. రంగరాజుగారు కొండగల ఆసామీ కాబట్టి ఆయనకి శాలువా కూడా. నగరం నుంచి పదిహేనుమంది సైకిలు రౌతులు వచ్చారు. మోకాళ్లకి డిప్పలు, నెత్తిన శిరస్త్రాణాలు, సైకిళ్లకి లెక్కలేనన్ని గేర్లు. ఏటిగట్టు ఎనిమిది నిమిషాల్లో దాటేశారు. తోటలోకి దిగి, గుట్ట ముందు ఆగి, బోర్డు చదివి, ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నారు.

"మౌంటెన్ ఇదేనా అంకుల్?" అనడిగాడు ఒకతను నన్ను.

"మంజూరైంది ఇదే బాబూ," అన్నాను.

అతను ఉత్సాహవంతుడు. సైకిలుతో సహా గుట్ట మీదికి దూసుకెళ్లాడు. సగం ఎక్కాక డొక్కలు జారి, నడుం దాకా దిగబడిపోయాడు. ఎంత తన్నుకుంటే అంత లోపలికి వెళ్లాడు. కొబ్బరిచెట్లు ఎక్కే మనిషి నడుం మోకు విసిరితే, ఆరుగురు పట్టి లాగారు. ఒక బూటు ఇప్పటికీ దొరకలేదు. 'ప్రథమ పర్వత రక్షణ చర్య విజయవంతము' అని నివేదిక వెళ్లింది. రౌతులు తలా రెండు బొండాలు తాగి, చల్లగా ఉన్నాయని మెచ్చుకుని వెళ్లిపోయారు. మళ్లీ ఎవరూ రాలేదు. రాకపోయినా దారి వాళ్ల కోసం ఖాళీగా ఉంచాలి కాబట్టి, కాపలావాడు మాత్రం పొద్దుటే వచ్చి ఈల తుడుచుకుని కూర్చునేవాడు.

ఆగస్టులో వారం రోజులు వాన కురిసింది. గోదావరి నిండి గట్టుని ఒరుసుకుంటూ వెళ్తోంది. ఏరు అంత ఎత్తున ఉంటే ఊళ్లో నీళ్లు ఎక్కడికి పోతాయి? మురుగు కాలవ వెనక్కి తన్నింది. పల్లంలో నడుం లోతు, మెరకలో మోకాలి లోతు. ఊరంతా పిల్లా జెల్లా, కోళ్లూ గేదెలూ, ఎప్పటిలాగే ఏటిగట్టు ఎక్కాం. ఇది మాకు అలవాటే. వంటలు కూడా గట్టు మీదే మొదలెట్టాం. పడవలు పంపమని కబురు చేస్తే, పైనుంచి వెంటనే జవాబు వచ్చింది. 'మీది పర్వత ప్రాంతము. వరద జాబితాలో లేదు.'

అంతటితో ఆగినా బాగుండును. మర్నాడు పొద్దున్నే నాలుగు పడవలు మా వైపే వస్తుంటే, సంతోషించి ఎదురెళ్లాం. పడవల నిండా జనం. ఏట్లో ఉన్న లంకల వాళ్లు. వాళ్లని సమీపంలోని పర్వత ప్రాంతానికి తరలించమని ఆదేశాలట. ముందు పడవలో, వానకోటులో, వాళ్లని పర్వతం మీద భద్రంగా దింపే బాధ్యత నెత్తిన వేసుకుని త్రివిక్రమరావుగారు నిలబడి ఉన్నారు.

చంకలో కోడిపెట్టతో ఒక ముసలావిడ గట్టు మీదికి దిగి అటూ ఇటూ చూసింది. "కొండ మీదకి తీసుకెళ్తామన్నారండి. ఏదండీ కొండ?"

నేను తోట వైపు చెయ్యి చాపాను. మెరక మీద నీళ్లు గుట్ట కిందికంటా చేరాయి. డొక్క తేలే సరుకు. నాలుగు నాలుగుగా, పది పదిగా, మా పర్వతం విడిపోయి మురుగు కాలవ వైపు బారుగా సాగిపోతోంది.

"అదిగోనమ్మా," అన్నాను. "వెళ్తోంది."

రంగరాజుగారు ఉన్ని టోపీ తీసి చేత్తో పట్టుకున్నారు. "మా కొండ," అన్నారు. మొదటిసారి ఆయన గొంతు అవతలి రేవుకి వినపడలేదు.

లంకల పిల్లలు ఆకలికి ఏడుస్తున్నారు. రాత్రి నుంచీ వాళ్లకి ఏమీ లేదు. మా గేదెలు ఊరి అవతలి కొసన గట్టు మీదే ఉన్నాయి, మైలు దూరంలో. కాసేపటికి అటువైపు నుంచి, గట్టు మీద, చెరో పక్కా క్యానుతో పల్లాలమ్మ సైకిలు వస్తూ కనపడింది. పుంత ఎప్పుడో మునిగిపోయింది. మాకు ఇరవై బారల దూరంలో ఉండగా ఈల వినపడింది. కాపలావాడు. అతనికి ఎవరూ వద్దని చెప్పలేదు మరి.

పల్లాలమ్మ ఈల వినగానే బ్రేకు వేసి, కాలు నేల మీద ఆనించి, ఉన్నచోటే ఆగిపోయింది.

"రా అమ్మా, రా," అని కేకేశారు త్రివిక్రమరావుగారు.

"గేర్లు లేవండి," అంది ఆవిడ.

"ఫరవాలేదు. ఇది అత్యవసర పరిస్థితి."

"నోటిమాట మీద వచ్చేస్తే, నీళ్లు తీశాక మళ్లీ ఈలేస్తారు బాబూ. పుంతలో నడిచి నడిచి నా పాదాలు పుళ్లు పడిపోయేయి. నాలుగిళ్లు పోయేయి. కాయితం మీద రాసియ్యండి, వచ్చేస్తాను. పిల్లలు ఏడుత్తున్నారు, తొరగా రాయండి."

గట్టు మీద ఉన్నవాళ్లందరూ ఆయన్నే చూస్తున్నారు. ఆయన నన్ను చూశారు. నా దగ్గర ఫైలు ఉంది, అందులో తడవని కాగితం ఒకటుంది. ఇచ్చాను. ఆయన కలం తీసి, ఆగిపోయారు. పాపం, ఆయన కష్టం నాకర్థమైంది.

"కొండ లేదని రాసే అధికారం నాకు లేదండీ," అన్నారు నెమ్మదిగా, నా ఒక్కడికే వినపడేలా.

అప్పుడే మురుగు కాలవలో 'శిఖరాగ్రము' అన్న చెక్క, ఎర్రటి అక్షరాలు పైకి పెట్టుకుని, డొక్కల వెనకాల తాపీగా తేలుతూ వచ్చింది. ఆయన దాన్ని చూశారు. ఎనిమిది నెలల్లో ఆ మొహంలో అంత తేట నేను చూడలేదు.

"లేదనడానికి లేదు," అన్నారు. "కొట్టుకుపోయిందనడానికి ఉంది. వరద నష్టం కింద."

రాశారు. పల్లాలమ్మ చదవమంటే, గట్టు మీద అందరికీ వినపడేలా నేనే చదివాను. 'నేరేళ్లతిప్ప పర్వతము నేటి వరదలో పూర్తిగా కొట్టుకుపోయినది. కావున పర్వతమునకు సంబంధించిన నియమములన్నియు పర్వతముతో పాటు కొట్టుకుపోయినట్లు భావించవలెను.' కింద సంతకం, తేదీ. ఆవిడ కాగితాన్ని మడతపెట్టి, రవికెలో దోపుకుని, పెడలు మీద కాలేసింది. కాపలావాడు ఈల నోట్లోంచి తీసి పక్కకి జరిగాడు. లంకల పిల్లలకి పోశాక మిగిలిన పాలతో టీ కాచారు. త్రివిక్రమరావుగారు రెండు గ్లాసులు తాగారు.

నీళ్లు తీశాక ఆ శిఖరాగ్రం చెక్క పల్లాలమ్మ ఇంటి దగ్గర బోదెలో అడ్డంపడి దొరికింది. ఆవిడ ఇంటికీ గట్టుకీ మధ్య ఆ పిల్లకాలవ మీద తాటిపట్టె వరదకి పోయింది. దాని స్థానంలో ఆ చెక్క వేసుకుంది. వెళ్లిపోయిన నాలుగిళ్లలో మూడు తిరిగొచ్చాయి. నాలుగోవాళ్లు గేదెని అమ్మేసుకున్నారు, దానికి నేనేమీ చెయ్యలేకపోయాను. అది ఇప్పటికీ గుర్తొస్తుంది.

ఈ ఏడు మళ్లీ ఫారం వచ్చింది. అవే గడులు. పదకొండో గడి దగ్గర కలం ఆగింది. నాకేం రాయాలో తోచక, తెల్లవారాక గట్టు దగ్గరికి వెళ్లి బోదె పక్కన నిలబడ్డాను. ఐదున్నరకి పల్లాలమ్మ ఇంట్లోంచి సైకిలు బయటికి తీసింది.

"పల్లాలమ్మా, మనూళ్లో ఎత్తయిన భూమి ఏదైనా ఉందా అని మళ్లీ అడుగుతున్నారు. ఏం రాయమంటావు?"

ఆవిడ సీటెక్కి కూర్చుంది. నేను నిలబడింది సరిగ్గా శిఖరాగ్రానికి అడ్డంగా.

"పడవకి టైమైపోతంది బాబూ," అంది. "కొంచెం పక్కకి జరగండి."

నేను పక్కకి జరిగాను. ఆవిడ శిఖరాగ్రం మీద నుంచి టకటకమని సైకిలు పోనిచ్చి గట్టెక్కి వెళ్లిపోయింది. పదకొండో గడి ఖాళీగా వదలడానికి కారణం ఇదేనని ఇందుమూలముగా మనవి చేసుకుంటున్నాను.